శ్రవణం – లక్ష్యసిద్ధి

శ్రీమద్భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, గురుకులంలో నేర్చిన చదువులోని సారమేమిటని అడిగినప్పుడు ప్రహ్లాదుడు ఇచ్చిన సమాధానం నవవిధభక్తి. ఆ తొమ్మిదింటిలో మొదటిది శ్రవణం. భగవంతుని నామాలను, గుణాలను, కథలను చెవులారా వినడమే భక్తిసౌధానికి తొలిమెట్టు అని పెద్దలు చెబుతారు. పరీక్షిన్మహారాజు ఏడు దినములు విని తరించాడు. వేదానికి శ్రుతి అన్న పేరు కూడా వినికిడి వలన వచ్చినదే. వేకువజామున సుప్రభాతం మొదలుకొని రాత్రి ఏకాంతసేవ వరకు వైష్ణవాలయంలో స్వామి ఆరాధన నాదంతో నిండి ఉంటుంది.

అట్లయితే పుట్టుకతోనే వినికిడి లేనివారి గతి ఏమిటి? తొలిమెట్టే లేని మెట్లదారిని వారు ఎట్లా ఎక్కగలరు? ఇది పండితుల వాదం కోసం పుట్టిన ప్రశ్న కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశంలో వినికిడి లోపం గలవారు సుమారు 50 లక్షల మంది అని తేలినది. తల్లి పాడిన జోలపాట బిడ్డకు చేరని ఇండ్లు ఎన్ని ఉన్నవో ఆ సంఖ్యను బట్టి ఊహించుకొనవచ్చును. అటువంటి తల్లి బిడ్డను ఎత్తుకొని సన్నిధికి వచ్చి, గోవిందనామం మారుమ్రోగుతుండగా, ఆ నామం బిడ్డ చెవిని తాకదని తెలిసి స్వామి ఎదుట నిలిచి అడిగే ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నకు ఒక సమాధానం మన కాలంలో క్రీడారంగం నుండి వచ్చినది. మరొకటి సుమారు తొమ్మిది శతాబ్దాలకు పూర్వమే భగవద్రామానుజుల చరితం నుండి వచ్చినది. రెండింటినీ కలిపి చూచినప్పుడు గాని విషయం సంపూర్ణంగా బోధపడదు.

పేరులోనే ధనుస్సు

హైదరాబాదుకు చెందిన ధనుష్ శ్రీకాంత్ వినికిడి లోపంతో పెరిగిన యువకుడు. పేరులో మొదట ధనుస్సు, పిమ్మట లక్ష్మీవల్లభుని నామం. ఆ పేరుకు తగినట్లే అతడు గురిచూచి కొట్టే విద్యను ఎన్నుకొన్నాడు. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకం సాధించిన గగన్ నారంగ్ నెలకొల్పిన శిక్షణాలయంలో అభ్యాసం చేశాడు. 2022 మే మాసంలో బ్రెజిల్ దేశంలోని కషియాస్ దో సుల్ నగరంలో జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్వర్ణపతకం గెలుచుకొన్నాడు. ప్రియేషా దేశ్‌ముఖ్ అనే క్రీడాకారిణితో కలిసి జంటల పోటీలో మరొక స్వర్ణం సాధించాడు. 2025 నవంబరులో జపాను రాజధాని టోక్యోలో జరిగిన తరువాతి క్రీడలలో తన స్వర్ణాన్ని నిలుపుకొనడమే గాక, 252.2 పాయింట్లతో బధిరుల విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

ఇందులో విశేషం మరొకటి ఉన్నది. 2023లో జర్మనీలోని జూల్ నగరంలో జరిగిన జూనియర్ ప్రపంచ కప్ పోటీ బధిరుల కోసం ఏర్పడినది కాదు. చక్కగా వినగలిగిన వివిధ దేశాల యువకులు పాల్గొన్న పోటీ అది. అందులోను స్వర్ణం అతనిదే అయినది.

ఈ విద్య ఎంతటి సూక్ష్మమైనదో తెలిసికొంటే ఆ విజయం విలువ తెలుస్తుంది. గురిపలక 10 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ప్రయోగించే సీసపు గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే గుండుకంటె తొమ్మిది రెట్లు చిన్నదైన చుక్కను, నిలువబడి, చేతులతో పట్టిన తుపాకితో కొట్టవలెను. చుక్క నట్టనడుమ తగిలితే 10.9 పాయింట్లు. టోక్యో తుదిపోటీలో ధనుష్ కాల్చిన గుండ్లు 24. వచ్చిన 252.2 పాయింట్లను 24తో భాగిస్తే ఒక్కొక్క దానికి పదిన్నరకు పైగా పడినట్లు తేలుతుంది. ఒక్కసారి మనసు చెదిరినా, శ్వాస తప్పినా, గుండె కొంచెం వేగంగా కొట్టుకొన్నా తుపాకి కొన వణుకుతుంది. ఇరువది నాలుగు పర్యాయములు ఆ వణుకును అదుపులో ఉంచడమే అక్కడి తపస్సు.

వినబడకపోవడం వరమా?

కొందరు తొందరపడి ఒక మాట అంటారు: “చెవి వినబడదు గనుక అతనికి ఏకాగ్రత సులభమే, చుట్టూ ఉన్న సందడి అతనిని బాధించదు గదా!” ఈ మాట ప్రశంస వలె కనబడుతుంది గాని సాధకుని శ్రమను అపహరిస్తుంది. మనస్సును చెదరగొట్టే శబ్దాలలో బయటివి కొన్నే. గెలుస్తానా ఓడుతానా అనే సందేహం, వెనుకటి గుండు తప్పినదన్న చింత, ప్రక్కవాడు ముందున్నాడన్న ఆందోళన – ఇవన్నీ లోపలి సందడులు. వాటిని వినడానికి చెవులు అక్కరలేదు. బధిరునికి కూడా అవి అంతే గట్టిగా వినబడతాయి.

పైగా చెవి పని వినడం ఒక్కటే కాదు. దేహం ఒరిగిపోకుండా నిలిచే తూకాన్ని మెదడుకు తెలిపే అవయవం కూడా లోపలి చెవిలోనే ఉన్నది. అందువలన వినికిడి లేనివారిలో కొందరికి కదలక నిలువబడడమే కష్టసాధ్యం. సామాన్యమైన పోటీలలో ఆజ్ఞలు నోటిమాటగా వెలువడుతాయి. గురువు చేసే హెచ్చరిక కూడా మాటగానే వస్తుంది. అవి చెవికి చేరనివాడు ప్రతిదానినీ కంటితో పట్టుకొనవలెను. కనుక బధిరత్వం అతనికి దక్కిన వరం కాదు. అతడు దాటివచ్చిన అగాధం. దాటించినది అభ్యాసం. మనస్సు చంచలమైనదని అర్జునుడు మొరపెట్టుకొన్నప్పుడు గీతాచార్యుడు చూపిన ఉపాయాలు అభ్యాస వైరాగ్యాలే గదా.

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన వృత్తాంతం అందరూ ఎరిగినదే. చెట్టుకొమ్మ మీది పక్షి శిరస్సు తప్ప అర్జునునికి మరేమీ కనబడలేదు. చెట్టు లేదు, కొమ్మ లేదు, గురువు లేడు, సోదరులు లేరు. ఆ పరీక్షలో నెగ్గినది చూపు. శ్రీమద్రామాయణంలో దీనికి సరిగా వ్యతిరేకమైన వృత్తాంతం ఒకటి ఉన్నది. దశరథ మహారాజు యువరాజుగా ఉన్న కాలంలో శబ్దవేధి విద్యలో నేర్పరి. కంటితో చూడకుండానే, చెవికి సోకిన ధ్వనిని బట్టి బాణం విడువగలడు. ఒక వానకాలపు రాత్రి సరయూ తీరంలో, కడవలో నీరు నిండే చప్పుడును ఏనుగు నీరు త్రాగే చప్పుడు అని తలచి బాణం వేశాడు. నేల కూలినది అంధులైన వృద్ధ తల్లిదండ్రులకు ఏకైక ఆధారమైన మునికుమారుడు. లోకం అతనిని శ్రవణకుమారుడు అని స్మరిస్తుంది. చెవి ఎంత చురుకైనదైనా వివేకం లేనిచో అది అనర్థహేతువు కాగలదని, అయోధ్యాపతి పుత్రవియోగానికి బీజం ఆ రాత్రి విన్న చప్పుడులోనే ఉన్నదని ఆదికవి చూపించాడు.

కనుక ఇంద్రియం ఉండడం గొప్ప కాదు, లేకపోవడం లోటు కాదు. దానిని నడిపే మనస్సు ఎటు తిరిగి ఉన్నదన్నదే ముఖ్యం. ముండకోపనిషత్తు ప్రణవాన్ని ధనుస్సుగా, ఆత్మను బాణంగా, పరబ్రహ్మను లక్ష్యంగా వర్ణించి, ఏమరుపాటు లేనివాడు మాత్రమే ఆ లక్ష్యాన్ని భేదించగలడని బోధించినది. అక్కడ అడిగిన అర్హత ఏమరుపాటు లేకపోవడం. మంచి చెవులు ఉండవలెనని అక్కడ చెప్పలేదు.

దీపమే పిలుపుగా

ఈ బధిర క్రీడల చరిత్ర కూడా తెలిసికొనదగినది. ఫ్రాన్సు దేశస్థుడు, స్వయంగా బధిరుడు అయిన యూజీన్ రూబెన్స్ ఆల్కే కృషి వలన 1924 ఆగస్టులో పారిస్ నగరంలో ఇవి ప్రథమంగా జరిగినవి. నాడు వాటిని నిశ్శబ్ద క్రీడలు అని పిలిచేవారు. వినికిడి లేనివారిని లోకం బుద్ధిహీనులుగా జమకట్టుతున్న ఆ రోజులలో, తమ శక్తిని తామే నిరూపించుకొనడానికి వారు కూడి నిలిచారు. మంచి చెవిలో కూడ 55 డెసిబెల్ల మేరకు లేదా అంతకు మించి వినికిడి లోపించినవారే ఇందులో పాల్గొనడానికి అర్హులు. పోటీ సమయంలో వినికిడి యంత్రాలు ధరించరాదు. పరుగు ప్రారంభానికి తుపాకి మ్రోతకు బదులు దీపం వెలుగుతుంది. ఆటను ఆపడానికి ఈలకు బదులు జెండా ఊగుతుంది.

ఈ చిన్న మార్పును భక్తులు గమనించవలెను. పరుగెత్తేవాని కాళ్ళలో లోపం లేదు, ఊపిరిలో లోపం లేదు. లోపం పిలిచే విధానంలో ఉన్నది. మ్రోత స్థానంలో దీపం పెట్టగానే అడ్డుగోడ తొలగిపోయినది. లోకంలో ఎన్ని చోట్ల ఇంత సులభమైన మార్పు చేయక, బయలుదేరనివాడు అసమర్థుడని తీర్పు చెబుతున్నామో ఆలోచించుకొనవలెను.

మన దేశం నుండి ఈ క్రీడలకు వెళ్ళినవారిలో హరియాణా రాష్ట్రానికి చెందిన మల్లయోధుడు వీరేందర్ సింగ్ ప్రసిద్ధుడు. 2005, 2013, 2017 సంవత్సరాలలో స్వర్ణపతకాలు గెలిచాడు. మూగ పహిల్వాను అని లోకులు పెట్టిన పేరునే ఆయన బిరుదుగా ధరించాడు. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ పురస్కారం స్వీకరించిన మరునాడే, ఆ పతకంతోనే ఢిల్లీలోని హరియాణా భవనం ఎదుట కాలిబాటపై కూర్చున్నాడు. ఇతర దివ్యాంగ క్రీడాకారులతో సమానమైన హక్కులు బధిరులకు కూడ కావలెనని ఆయన కోరిక. కంఠం లేని ఆ విన్నపం దేశమంతటా వినబడినది. మదురైకి చెందిన జెర్లిన్ అనిక అనే బాలిక 2022లో బాడ్మింటన్ క్రీడలో మూడు స్వర్ణాలు సాధించినది. ఆ ఏడు భారతదేశానికి వచ్చిన పతకాలు 16. 2025లో టోక్యో నుండి వచ్చినవి 20. వీనిలో 16 తుపాకి గురి పోటీలలోనే లభించినవి. టోక్యోలో ధనుష్ స్వర్ణం గెలిచిన పోటీలోనే రజతం కూడ భారతీయుడైన ముర్తజా వానియాకు దక్కినది. ఒక దీపం వెలిగితే దాని నుండి వేరొక దీపం వెలిగించుకొనడం వంటిదే ఇది.

ఊమకు దక్కిన భాగ్యం

ఇప్పుడు రెండవ సమాధానానికి వత్తము. శ్రీవైష్ణవ సంప్రదాయంలో పెద్దలు తరతరాలుగా చెప్పుకొనే ఐతిహ్యం ఒకటి ఉన్నది. భగవద్రామానుజుల సన్నిధికి ఒక ఊమ, అనగా నోటిమాట లేని మనిషి, వస్తూ ఉండేవాడు. అతనికి శాస్త్రం తెలియదు. మంత్రోపదేశం పొంది దానిని ఉచ్చరించే శక్తి లేదు. అతనిపై ఆచార్యులకు కృప కలిగినది. ఒకనాడు అతనిని ఏకాంతంగా లోపలికి తీసికొనిపోయి తలుపు మూసి, సంజ్ఞలతోనే తమ దివ్యమంగళ విగ్రహాన్ని చూపి, ఇదే నీకు రక్ష అని తెలిపి, తమ శ్రీపాదాలను అతని శిరస్సుపై ఉంచి అనుగ్రహించారు. తలుపు సందు నుండి ఆ దృశ్యాన్ని కూరత్తాళ్వారులు చూచారు. వేదవేదాంతాలను ఆపోశనం పట్టిన ఆ మహాపండితుడు నేలపై వ్రాలిపోయి దుఃఖించారట. తాను కూరేశునిగా పుట్టి శాస్త్రాలన్నీ నేర్చినందువలన గదా ఈ భాగ్యానికి దూరమైనాను, ఊమగా పుట్టి ఉంటే ఈ పాదాలు తన తలపై కూడ నిలిచేవి గదా అని ఆయన వేదన.

తిరుక్కోట్టియూరు గోపురమెక్కి మంత్రార్థాన్ని అందరికీ వినిపించిన రామానుజులు ఎంతటి కరుణామూర్తులో, వినిపించడం కుదరనివానికి తలుపు మూసి కనులకు చూపిన రామానుజులు కూడ అంతటి కరుణామూర్తులే. గోపురం మీది మాట ఎవరికి చేరదో వానికి వేరొక దారి ఉండవలెనని ఆచార్యులు గ్రహించారు. వినలేదని శిష్యుని వెనుకకు పంపలేదు. శిష్యునికి ఏ ద్వారం తెరిచి ఉన్నదో ఆ ద్వారం వద్దకు తామే నడిచి వెళ్ళారు.

ఇక్కడనే క్రీడారంగం చెప్పిన సమాధానం, ఆచార్య చరితం చెప్పిన సమాధానం ఒకచోట కలుస్తున్నవి. చెవి మూసి ఉన్నచోట కన్ను ఉన్నది, స్పర్శ ఉన్నది, మనస్సు ఉన్నది. కాని ఆ ద్వారాన్ని తెలిసికొని అక్కడికి వచ్చేవాడు ఒకడు కావలెను. ధనుష్ వంటివారి విజయం వెనుక వారి పట్టుదలతో పాటు, మాటకు బదులు చూపుతో నేర్పిన గురువులు, ఓరిమి గల తల్లిదండ్రులు ఉండక తప్పదు. జీవునికి, స్వామికి నడుమ నిలిచి పలికే పురుషకారం అమ్మవారిది అని సంప్రదాయం బోధిస్తున్నది. వినికిడి లేని బిడ్డకు, లోకానికి నడుమ నిలిచేవారు ఆ కృపలో ఒక చిన్న భాగాన్ని ఆచరిస్తున్నవారే.

గృహస్థుల కర్తవ్యం

వినికిడి లేని బిడ్డ పుట్టిన ఇంటికి వచ్చి, ఏ జన్మలో చేసిన పాపమో అని నిట్టూర్చేవారు నేటికీ ఉన్నారు. కర్మసిద్ధాంతం ఎవరికి వారు తమను దిద్దుకొనడానికి చెప్పినదే గాని, ఎదుటివాని బిడ్డను వ్రేలెత్తి చూపడానికి చెప్పినది కాదు. వంశపారంపర్యం, గర్భవతికి సోకే కొన్ని జ్వరాలు, పుట్టిన వెంటనే వచ్చే తీవ్రమైన పసికామెర్లు, మెదడు పొరల వాపు వంటి కారణాల వలన వినికిడి పోతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. మొదటి మాసంలోనే బిడ్డ వినికిడిని పరీక్షించవచ్చును. లోపాన్ని ఎంత త్వరగా గుర్తిస్తే భాష అంత త్వరగా అబ్బుతుంది. నిందించడానికి వినియోగించే కాలాన్ని పరీక్షకు, శిక్షణకు వినియోగించడం ధర్మం. తిరుపతిలో దేవస్థానం వారు నడిపే శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల వంటి విద్యాలయాలు అందుకే ఏర్పడినవి.

బిడ్డ ఒక్కడే సంజ్ఞాభాష నేర్చి, ఇంటిల్లిపాది నేర్వకపోతే ఆ బిడ్డ తన ఇంటిలోనే పరదేశి అవుతాడు. పండుగనాడు అందరూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక ముఖాలు చూచే బాలుని దైన్యం కంటె పెద్ద దైన్యం లేదు. అన్న, అక్క, తాత, నాయనమ్మ తలా నాలుగు సంజ్ఞలు నేర్చినా ఆ ఇల్లు అతనిదవుతుంది. హరికథ జరిగేచోట అటువంటివారిని ముందు వరుసలో కూర్చుండబెట్టడం, చెప్పేవారి ముఖం మీద వెలుతురు పడేటట్లు చూడడం, కథాసారాన్ని వ్రాసి చేతికి ఇవ్వడం, తెలిసినవారు ఉంటే సంజ్ఞలలో చెప్పించడం – ఇవి పెద్ద వ్యయంతో కూడిన పనులు కావు. సర్వభూతాలలో ఉన్న తనను అలక్ష్యం చేసి విగ్రహాన్ని మాత్రం అర్చించేవాని పూజ వ్యర్థమని భాగవతం తృతీయ స్కంధంలో కపిలాచార్యుడు తల్లికి బోధించాడు.

మరొక హెచ్చరిక కూడ అవసరం. ధనుష్ పతకాలను చూచి, “నీవు కూడ అట్లా గెలిచి చూపుము” అని ప్రతి బధిర బాలుని ఒత్తిడి చేయరాదు. పతకం గెలిచినవాడే మనిషి అని పలకడం, గెలవనివానిని మరొకసారి బయటకు నెట్టడమే అవుతుంది. రామానుజుల సన్నిధిలోని ఆ ఊమ ఏ పోటీలోను గెలవలేదు. అతని పేరు కూడ లోకానికి తెలియదు. అయినా ఆచార్యుల పాదాలు అతని తలపై నిలిచినవి. క్రీడాకారుని విజయం చూపేది ఒక్కటే: ద్వారం తెరిచినచో వీరు ఎంతదూరమైనా పోగలరు. తెరువవలసిన భారం వినగలిగినవారిది.

నమ్మాళ్వారులు కురుగూరులో అవతరించినప్పుడు ఏడవలేదు, పాలు త్రాగలేదు, పలుకలేదు. తల్లి ఉడయనంగై, తండ్రి కారి ఎంత తల్లడిల్లి ఉంటారో! వారు శిశువును తిరస్కరించక తీసికొనిపోయి స్వామి సన్నిధిలో ఉంచారు. చింతచెట్టు నీడలో పదహారు సంవత్సరాలు మౌనం. ఆళ్వారులకు వినికిడి లేదని ఎవరూ చెప్పలేదు, అది వేరు విషయం. కాని పలుకని బిడ్డను చూచి లోకం తొందరపడి తీర్పు చెప్పరాదన్న పాఠం అందులో ఉన్నది. మధురకవులు దక్షిణాన తోచిన వెలుగును వెదకుకొంటూ వచ్చి ప్రశ్నించేవరకు ఆ మౌనం వెనుక ఏమున్నదో ఎవరికీ తెలియలేదు.

ఆ ఆళ్వారుల శఠకోప నామమే ఆలయంలో భక్తుల తలపై ఉంచే శఠారికి వచ్చినది. శఠారి పలుకదు. దాని మీది శ్రీపాదాలు తలను తాకుతాయి, అంతే. విన్నవానికి ఎంత అనుగ్రహమో విననివానికి కూడ అంతే అనుగ్రహం. తీర్థం నాలుకకు, తులసి నాసికకు, హారతి కన్నులకు, శఠారి శిరస్సుకు – స్వామి తన సన్నిధిలో ఎన్నో ద్వారాలు తెరిచి ఉంచాడు. వాటిలో ఒకటి మూసి ఉన్నంత మాత్రాన ఎవరినీ వెలుపల నిలుపలేదు. సన్నిధికి బిడ్డతో వచ్చిన ఆ తల్లి తన ప్రశ్నకు సమాధానాన్ని శఠారి స్పర్శలోనే గ్రహించవచ్చును. ఆ సమాధానాన్ని ఇండ్లలోను, బడులలోను, ఆటస్థలాలలోను ఆచరణలో పెట్టే బుద్ధిని శ్రియఃపతియైన శ్రీనివాసుడు భక్తజనులకు అనుగ్రహించుగాక.